చిటికెన వేలు మడిస్తే

పోయినవారం జిగురును గది మధ్యలో, ఒక కాలికి మేజోడు తొడిగి రెండోది చేత్తో పట్టుకుని ఉండగా వదిలేసి వచ్చేశాం. పాపం, వారమంతా అలాగే నిలబడింది. ఎదురుగా పిడుగు మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది. మంచం కింద బూట్లు లేవు. కిటికీ అద్దం మీద మంచు ఇంకా కరగలేదు. పరాయి దేశంలో, ఫైనల్ మ్యాచ్‌కి ముందురోజు, టీమ్ మొత్తంలో కుంభకర్ణుడికి చెల్లెల్లాంటి పిల్ల అంత పొద్దున్నే ఎక్కడికి పోయినట్టు?

ఆ జవాబు ఈ వారం చెప్పేస్తాను. ఇంకా ఊరించే ఓపిక నాకే లేదు.

మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. వీళ్ళది ఒక కాలేజీ అమ్మాయిల వాలీబాల్ టీమ్. జిగురు లిఫ్టర్. బంతి ఎటునుంచి ఎలా వచ్చినా ఆ పిల్ల వేళ్ళకు ఒక్క క్షణం అంటుకుని, నెట్ మీదికి మెత్తగా లేస్తుంది. అందుకే ఆ పేరు. అలా లేచిన బంతిని అవతలి కోర్టులో బాదేది పిడుగు. చప్పట్లన్నీ పిడుగుకే. ఆ చప్పట్ల మీద జిగురుకు ఎన్నడూ ఆశ లేదు, నిజం చెప్పాలి. ఆ పిల్లకు కావలసింది పిడుగు. బస్సులో పక్క సీటు, భోజనంలో పక్క కుర్చీ, హాస్టల్లో పక్క మంచం. అక్కడికి ఎవరు వచ్చినా ఒళ్ళు మండిపోతుంది.

ఇది ఇవాళ పుట్టిన గుణం కాదు. చెల్లెలు పుట్టి ఉయ్యాల్లో పడుకున్నప్పుడు నాలుగేళ్ళ జిగురు తొంగి చూసి, "అమ్మా, చూశాం కదా, ఇంక వెనక్కి ఇచ్చెయ్" అందట. వాళ్ళమ్మ బట్టలు కుట్టే మిషన్ ఆపి మరీ ఆ కథ అందరికీ చెబుతుంది. విన్నవాళ్ళు నవ్వుతారు. జిగురు నవ్వదు.

ఇప్పుడు ఆ ఉయ్యాల్లో చెల్లెలి స్థానంలోకి వచ్చింది పిచ్చుక. మొదటి సంవత్సరం పిల్ల, రెండో లిఫ్టర్. అంటే జిగురుకు ఏమైనా అయితే ఆడటానికి తెచ్చుకున్న పిల్ల. "అక్కా, అక్కా" అంటూ వెనకాలే తిరుగుతుంది. బంతి మీదికి ఇద్దరు పోయి ఢీకొనకుండా ముందే "నాది!" అని అరవాలనీ, ఎవరైనా "నాది" అంటే మారుమాట లేకుండా చేతులు దగ్గరికి లాక్కుని పక్కకు తప్పుకోవాలనీ ఆ పిల్లకు నేర్పింది జిగురే. నేర్పినన్నాళ్ళూ బాగానే ఉంది. ఏకై వచ్చి మేకై కూర్చుంటుందని అప్పుడెవరికి తెలుసు?

సరే, ఆ పొద్దుటికి వద్దాం. టిఫిన్ల దగ్గరికి పిడుగు తడి జుట్టుతో వచ్చింది.

"ఎక్కడికెళ్ళావే?"

"ఊరికే... నడిచొద్దామని."

పిడుగు అబద్ధం చెబితే చెవి లాక్కుంటుంది. లాక్కుంది. కాసేపటికి పిచ్చుక కూడా వచ్చింది. ఆ పిల్ల జుట్టూ తడిగానే ఉంది. జిగురు సగం కొరికిన రొట్టెముక్కను పళ్ళెంలో పెట్టేసింది.

కోచ్ మేడమ్ గ్లాసు మీద చెంచాతో టంగుమని కొట్టింది. "ఇవాళ ఎవరూ బంతి ముట్టుకోవద్దు. ఊరు చూద్దాం, జంతువుల్ని చూద్దాం, రేపు గెలుద్దాం. దెబ్బలేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. దాచినవాళ్ళకూ బెంచీయే, తెలిసి చెప్పనివాళ్ళకూ బెంచీయే." ఇది ఆవిడ రోజూ చదివే పాఠం. ఉత్త పాఠం కాదు కూడా. నిరుడు సొంత మేనకోడలు మడమ నొప్పి దాస్తే, ఆ మేనకోడల్నీ, నొప్పి సంగతి తెలిసి ఊరుకున్న స్నేహితురాల్నీ కలిపి కూర్చోబెట్టింది. ఆ దెబ్బకు అన్నగారింట్లో ఆవిడకు ఏడాదిపాటు కాఫీ కూడా పుట్టలేదు.

జిగురు తన కుడిచేతిని మెల్లగా బల్ల కిందికి జరిపింది. సెమీఫైనల్లో బంతి తగిలి ఉంగరపు వేలు వాచింది. ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నొప్పిని మింగుకుంటూ, టేపు చుట్టి, పైన ఉన్ని గ్లౌజు తొడుక్కుని తిరుగుతోంది. చలిదేశం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదనే అనుకుంది.

బస్సెక్కేసరికి పిడుగు పక్క సీట్లో పిచ్చుక కూర్చుని ఉంది.

"అక్కా, వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది. ఈ ఒక్కరోజుకీ..."

"కూర్చోవమ్మా, కూర్చో. సీటు మీద నా పేరు రాసుందా?" అంది జిగురు. ఆ 'అమ్మా'లో ఉన్న కారం బస్సంతా పట్టింది, పిచ్చుకకు తప్ప. జిగురు వెనక సీట్లో రేడియో పక్కన చేరింది. రేడియో అంటే టీమ్‌లో నోరు మూయని పిల్ల. ఊళ్ళో ఏం చూసినా వ్యాఖ్యానం ఆగదు. పాత గడియార స్తంభం చూసి, "మా బాబాయి వాచీ నయం, అది కనీసం ఆగిపోయిందని ఒప్పుకుంటుంది" అంది. మ్యూజియంలో తిమింగలం అస్థిపంజరం చూసి, "దీని పక్కటెముకల్లో మా వంటిల్లు పట్టేస్తుంది, అత్తాకోడళ్ళకు వేరువేరు గదులు కూడా" అంది. అందరూ పడిపడి నవ్వారు. జిగురు మాత్రం ముందు వెళ్తున్న రెండు తడిజడలనే చూస్తోంది.

ఆ తిమింగలం ముందే పిచ్చుక ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. "అక్కా, మా ఇద్దరికీ ఒక ఫోటో తీయవా?"

మా ఇద్దరికీ! ఎంత తియ్యగా అందో చూడండి. జిగురు ఫోటో తీసింది. పిడుగు చక్కగా పడింది, తిమింగలం తోకదాకా పడింది, పిచ్చుకకు మాత్రం ముక్కు పైన ఏమీ లేదు. "అయ్యో, కదిలావు" అంది జిగురు. నాకు తెలిసి ఆ రోజంతటిలో ఆ పిల్లకు దొరికిన సంతోషం అదొక్కటే.

ఊరు దాటాక రోడ్డుకు అడ్డంగా జింకల మంద వచ్చింది. డ్రైవర్ బస్సు ఆపాడు. ఒక పెద్ద మగజింక బస్సు అద్దం దాకా వచ్చి, లోపల ఏముందో కనుక్కుందామన్నట్టు ఊపిరి వదిలి అద్దాన్ని మసక చేసింది. పిల్లలంతా ఆ కిటికీ మీద పడ్డారు. పిడుగు సరిగా కనబడక పిచ్చుక భుజం మీద గడ్డం ఆనించి చూసింది. జిగురు జింకను చూడలేదు. ఆ గడ్డాన్ని చూసింది. ఆ భుజం నాది కావలసింది అనుకుంది. అనుకున్నందుకు సిగ్గు పడింది, పడి మళ్ళీ అనుకుంది.

మధ్యాహ్నానికి సముద్రం దగ్గరికి చేరారు. రాళ్ళ ఒడ్డు. ఆ రాళ్ళ నిండా సముద్ర సింహాలు, ఆదివారం భోంచేసి పడుకున్న మేనమామల్లా, ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. కొన్ని గురక పెడుతున్నాయి. పిల్లలు తల్లుల మీదికెక్కి జారుతున్నాయి. దూరంగా ఒక పెద్ద మగది, మెడ మనిషి నడుమంత లావు, కళ్ళు మూసుకుని ముక్కు ఆకాశానికి ఎత్తి కూర్చుంది.

గైడు తెల్లగడ్డం పెద్దాయన. ఆయన భాషలో చెప్పింది కోచ్ మేడమ్ విని మళ్ళీ చెప్పింది. "రెండే రెండు మాటలు. ఒకటి, నోరెత్తకూడదు. రెండు, వాటికీ నీళ్ళకూ మధ్యలోకి పోకూడదు. దారి మూసుకుపోయిందనుకుంటే మీదికొస్తాయి. రేడియో, నీకు విడిగా చెప్పాలా?" రేడియో రెండు చేతులతో నోరు మూసుకుంది. "మాట్లాడాలనిపిస్తే చేతులతో మాట్లాడుకోండి. మీకు అలవాటేగా!"

అలవాటే. లిఫ్టర్ నెట్ దగ్గర నిలబడి, అవతలివాళ్ళకు కనబడకుండా వీపు వెనక వేళ్ళు చూపిస్తుంది. ఒక వేలంటే పొట్టి బంతి, రెండంటే వెనక బంతి. ఇవి టీమ్ అందరికీ తెలుసు. కానీ ఒక్క సైగ మాత్రం జిగురుకూ పిడుగుకూ తప్ప ఎవరికీ తెలియదు. చిటికెన వేలు మడిస్తే, "ఎవరికి ఎత్తినట్టు కనబడినా, బంతి నీకే" అని. అర్థమైతే పిడుగు చెవి లాగి చూపిస్తుంది. హాస్టల్లో కరెంటు పోయిన ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని కట్టుకున్న సైగ అది. జిగురు దృష్టిలో అది ఆట కాదు. ఒట్టు లాంటిది.

చెక్కబాట మీద అందరూ ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. పిచ్చుక, ఆ వెనక పిడుగు, ఆ వెనక జిగురు. ఎడమపక్క రాళ్ళ సందులో ఒక బుజ్జి సముద్ర సింహం కళ్ళు తెరిచి చూస్తోంది. పిచ్చుక ఆగింది. వెనక్కి తిరగలేదు. వీపు వెనకకు చెయ్యి పెట్టి, చిటికెన వేలు మడిచింది.

చూడు, ఇది నీకే.

పిడుగు ఎడమకు తిరిగి చూసింది. నవ్వింది. చెవి లాగింది.

జిగురు అక్కడే ఆగిపోయింది. వెనక వస్తున్న రేడియో వచ్చి వీపుకు గుద్దుకుంది. పోయినవారం నుంచి ఖాళీగా ఉన్న ఆ మంచానికి అర్థం ఇప్పుడు తెలిసింది. జిగురు పిడుగు చెయ్యి పట్టుకుని బాట పక్కకు లాగింది.

చూశారూ, గట్టిగా అరవకుండా పోట్లాడటం చాలా కష్టం. అక్కడ నోరెత్తకూడదు. ఇద్దరూ గుసగుసల్లోనే కొట్టుకున్నారు.

"పొద్దున దానితోనే ఉన్నావా?"

"ఊఁ."

"బంతి పట్టుకున్నారా?"

"ఊఁ."

"మన సైగ దానికి చెప్పావా?"

పిడుగు ఈసారి చెవి లాక్కోలేదు. "చెప్పాను."

"ఎందుకే? ఇంకేం దొరకలేదా చెప్పడానికి? మా ఇంటి తాళం ఇచ్చెయ్యి, మా అమ్మను కూడా ఇచ్చెయ్యి!"

"ముందు నీ చెయ్యి చూపించు."

"నా చేతికేమైంది?"

"గ్లౌజు తియ్యి."

జిగురు చెయ్యి వెనక్కి లాక్కుంది. పిడుగు వదల్లేదు. గ్లౌజు కొస పట్టుకుని గుంజింది. ఉన్నితో పాటు టేపు కూడా ఊడొచ్చింది. ఉంగరపు వేలు వంకాయ రంగులో, పక్కవేళ్ళకు రెట్టింపు లావున ఉంది. పిడుగు మొహం పాలిపోయింది. ఊహించినదానికన్నా ఎక్కువే ఉందన్నమాట.

"మూడో సెట్ నుంచి నీ బంతి బెత్తెడు కిందికొస్తోంది" అంది పిడుగు. "నేను ఎగిరేసరికి అది అక్కడ లేదు. ఎవరికీ తెలియకూడదని నేనే వంగి కొట్టాను. రేపు అలా గెలుస్తామా? ఈ వేలితో ఆడితే ఇంక జన్మలో బంతి ఎత్తగలవా?"

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే ఏం చేసేదానివి? ఏడ్చి, ఇంకో చుట్టు టేపు వేసుకునేదానివి. నువ్వు పడిపోతే నిలబడటానికి ఒకరుండాలని దానికి నేర్పాను."

"అయితే దానికి కూడా తెలుసా, నా వేలి సంగతి?"

"తెలుసు. చెప్పకుండా ఎలా నేర్పను?"

ఇదిగో, ఇక్కడ విరిగింది జిగురు మనసు. తన నొప్పిని తనకు చెప్పకుండా, తన గురించి ఆ ఇద్దరూ మాట్లాడుకున్నారు. తెల్లవారుజామున, మంచులో, జాలిగా! అసూయకు జాలి అంటే పరమ అసహ్యం. "నీకు నేను కావాలా, బంతి కావాలా?" అంది. అడిగిన మరుక్షణం తనకే చిన్నపిల్ల మాటలా వినిపించింది. అయినా జవాబు కోసం చూసింది.

పిడుగు నోరు తెరిచింది. ఆ జవాబు మనకు దక్కలేదు. ఎందుకంటే జిగురు కళ్ళు అప్పటికే పిడుగు భుజం మీదుగా వెనక్కి పోయాయి.

పిచ్చుక బాట దిగిపోయింది. బుజ్జిదాని ఫోటో కోసం ఫోన్ ఎత్తి పట్టుకుని, ఒక్కో రాయీ దాటుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తోంది. ఇప్పుడు సరిగ్గా పెద్ద మగదానికీ నీళ్ళకూ మధ్యలో ఉంది. వీపు దానివైపే. ఆ పెద్దది కళ్ళు తెరిచింది. మెడ దించింది. అంత కొండలాంటి ఒళ్ళు అంత వేగంగా కదులుతుందని ఎవరూ అనుకోరు. రాళ్ళమీద దబదబా దూకుతూ బయల్దేరింది. గైడు ఎక్కడో ముందున్నాడు. గాలి హోరు.

జిగురు మనసులో ఒక్క ఆలోచన వచ్చింది. దాచను. 'పోనీ' అనిపించింది. 'పడనీ, కాలు బెణకనీ.' రెప్పపాటే. నూరు కోపాలున్నా ఆ రెప్పపాటును నేను క్షమించలేను, ఆ పిల్లా క్షమించుకోలేదు. ఆ తర్వాత మనసుతో పని లేకుండా గొంతే పని చేసింది. ఏళ్ళ తరబడి, మీదికి ఏదైనా వస్తుంటే ఆ గొంతుకు తెలిసిన మాట ఒక్కటే.

"నాది!"

పిచ్చుక వెనక్కి చూడలేదు. ఎందుకని అడగలేదు. చేతులు దగ్గరికి లాక్కుని చటుక్కున పక్కకు తప్పుకుంది. ఆ ఒక్కటే కాదు, బాట మీదున్న టీమ్ మొత్తం అలవాటు చొప్పున రెండడుగులు వెనక్కి వేసింది. రేడియో వెల్లకిలా పడింది. కోచ్ మేడమ్ కూడా తప్పుకుంది. తెరుచుకున్న దారిలోంచి ఆ పెద్ద సింహం పిచ్చుక మోచేతికి మూరెడు దూరంలో దూసుకుపోయి, దభాలున సముద్రంలో పడింది. అందరి మీదా ఉప్పునీళ్ళు చిమ్మాయి.

నాది అన్నవాళ్ళు పరిగెత్తాలి కదా! జిగురు పరిగెత్తింది. రాళ్ళ మధ్య, మోకాళ్ళు వంచి, రెండు చేతులూ నుదుటి పైకి ఎత్తి, వేళ్ళు విప్పి, రాని బంతి కింద నిలబడిపోయింది.

చప్పట్లు లేవు. పిచ్చుక ఏడుస్తూ వచ్చి కౌగిలించుకోబోయి సగంలో ఆగింది. అందరూ ఆ పైకెత్తిన చేతుల వైపే చూస్తున్నారు. గ్లౌజు పిడుగు చేతిలో ఉంది. వంకాయ రంగు వేలు పట్టపగలు ఎండలో, ఆకాశం కింద, అందరికీ కనబడేలా ఉంది. దించేసరికి ఆలస్యమైపోయింది.

కోచ్ మేడమ్ మెల్లగా నడిచొచ్చింది. ఆ చేతిని కిందినుంచి తన అరచేతిలోకి తీసుకుంది. వేలిని ముట్టుకోలేదు. ఆవిడ కళ్ళు తడిశాయి. గొంతు మాత్రం తడవలేదు.

"ఒక పిల్ల ప్రాణం కాపాడావు. దానికి నీకు దణ్ణం పెట్టాలి. కానీ రేపు నువ్వు బెంచీ." తర్వాత టీమ్ వైపు తిరిగింది. "ఈ వేలి సంగతి ఇంకా ఎవరికి తెలుసు? చేతులెత్తండి."

అప్పుడు పిడుగు, చేతిలో గ్లౌజు ఉండగానే, చెయ్యెత్తింది. నిటారుగా, నెట్ మీద బంతిని అడ్డుకునేటప్పుడు ఎత్తినట్టు.

"నాకు తెలుసు మేడమ్."

"అయితే నువ్వూ బెంచీయే."

రేడియో నోట్లోంచి చిన్న కేక వచ్చింది. రేపు ఫైనల్, పిడుగు లేకుండా! అందరి మొహాలూ వాడిపోయాయి. కానీ జిగురు గుండెలో ఏం జరిగిందో చెప్పమంటారా? ఆ సిగ్గులేని గుండె ఒక్కసారి గంతేసింది. బెంచీ మీదైనా ఇద్దరమే! పక్కపక్కనే! ఎవరూ మధ్యలో కూర్చోరు!

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మేడమ్ వెనక, నీళ్ళు కారుతున్న జుట్టుతో, పిచ్చుక కుడిచెయ్యి కదులుతోంది. నడుము దగ్గర్నుంచి పైకి లేస్తోంది. ఆ పిల్లకు అబద్ధం రాదు. పిచ్చుక కూడా చెయ్యెత్తితే రేపు బాదే స్మాషర్ లేదు, ఎత్తే లిఫ్టర్ లేదు. ఇంత దూరం వచ్చిన టీమ్ నెట్ ముందు ఊరికే నిలబడాలి. మేడమ్ ఏ క్షణమైనా వెనక్కి తిరుగుతుంది.

జిగురు పిడుగు వైపు చూసింది. పిడుగు నేలను చూస్తోంది. ఆ సైగ ఇవ్వనా అని అడగడానికి టైం లేదు.

జిగురు ఎడమచెయ్యి వీపు వెనక్కి పోలేదు. ముందుకే, తొడ పక్కకు, పిచ్చుకకు కనబడేలా వచ్చింది. ఎవరికీ ఇవ్వనని ఒట్టు పెట్టుకున్న చిటికెన వేలు మొండికేస్తూ, మడుచుకుంది.

ఎవరికి ఎత్తినట్టు కనబడినా, బంతి నీకే.

పిచ్చుక చూసింది. ఆ పిల్ల చెయ్యి భుజం ఎత్తులో ఆగిపోయింది. అక్కడినుంచి పైకెత్తడానికి ఆకాశం ఎంత దూరమో, అర్థమైందని లాగడానికి చెవి కూడా అంతే దూరం.

కోచ్ మేడమ్ వెనక్కి తిరిగింది.